చుక్కలు చూసి కారు కొంటే చాలదు

సదాశివనగర్: కారు కొనదలచినవాడు ఈ రోజుల్లో ఇంజను కంటే ముందు చుక్కలు చూస్తున్నాడు. ఫోనులో ఒక కంపెనీ కారుకు నాలుగున్నర చుక్కలు, మరో కంపెనీ కారుకు నాలుగే చుక్కలు అని కనిపిస్తుంది. అమ్మకందారు కూడా వాటినే వేలు పెట్టి చూపిస్తాడు. కొనేవాడు ఇంటికి వచ్చి బావమరిదితో ఒక మాట, ఊళ్లో మెకానిక్‌తో ఒక మాట అనుకుని మర్నాడు వెళ్లి బయానా ఇచ్చి వస్తాడు. ఎకరం పొలం కొనేటప్పుడు పహాణీ తీయించి, హద్దులు నడిచి చూసి, పక్క చేను రైతును అడిగి, పాత దస్తావేజు చదివించుకునే మనిషి లక్షల రూపాయల బండి విషయంలో ఇంత తేలికగా నమ్మేయడం ఆశ్చర్యమే.

ఎనిమిది లక్షల కారుకు రెండు లక్షలు చేతి నుంచి కట్టి, తక్కిన ఆరు లక్షలు ఏడాదికి నూటికి పది వడ్డీ మీద అయిదేళ్లకు అప్పు తెచ్చాడనుకుందాం. నెలకు సుమారు 12,750 రూపాయల కిస్తీ పడుతుంది. అరవై నెలలకు అది 7,65,000 రూపాయలు. బీమా, డీజిలు, టైర్లు దీనికి వేరే. బండి షెడ్డులో పడుకున్నంత మాత్రాన కిస్తీ ఆగదు. పద్మాజివాడి చౌరస్తాలో కిరాయి బండి పెట్టుకుని బతికేవాడికైనా, గల్ఫ్‌లో ఎండకు మాడి కూడబెట్టిన పైసలతో బండి కొన్నవాడికైనా నెలలో పది రోజులు బండి కదలకపోతే ఇల్లు గడవడమే కష్టం. అందువల్ల చుక్కల వెనుక ఉన్న లెక్క ఏమిటో తెలుసుకోవడం అవసరం. లెక్క పెద్ద కష్టమైనది కూడా కాదు.

ఈ తలనొప్పి పూర్వం లేదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి రెండు మూడు రకాలు తప్ప బజారులో కార్లే లేని కాలంలో పోల్చి చూసే అవసరం ఎవరికి వస్తుంది? డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడటమే కొనుగోలుదారు పని. 1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చింది. 1991 తర్వాత విదేశీ కంపెనీలు ఒక్కొక్కటే దిగాయి. ఇప్పుడు ఒకే ధరకు ఆరేడు రకాలు దొరుకుతున్నాయి. ఎంచుకునే భారం కొనేవాడి మీద పడింది గాని, ఎంచుకోవడం ఎలాగో ఎవరూ నేర్పలేదు.

ఎంతమంది చెప్పారు?

ఒక కారుకు 4.6 చుక్కల సగటు వచ్చింది, మార్కులు వేసినవారు 10 మంది. రెండో కారుకు 4.2 సగటు, వేసినవారు 400 మంది. ఏది మంచి బండి? పదిమందిని అడిగితే తొమ్మిదిమంది మొదటిదే అంటారు. గణాంక శాస్త్రం తెలిసినవాడు మాత్రం ఇంకా చెప్పలేం అంటాడు.

కారణం ఇది. ఒకే రకం బండికి అందరూ ఒకే మార్కు వేయరు. ఒకడు అయిదు వేస్తే మరొకడు మూడు వేస్తాడు. ఈ హెచ్చుతగ్గులు సగటుకు అటూ ఇటూ 1.2 చుక్క దాకా ఉంటాయనుకుంటే, ఆ 1.2ను మార్కులు వేసినవారి సంఖ్యకు వర్గమూలంతో భాగించి రెట్టింపు చేయాలి. సగటులో అటూ ఇటూ అంత తేడా ఉండవచ్చని దాని అర్థం. పదికి వర్గమూలం సుమారు 3.16 కనుక మొదటి కారుకు ఆ తేడా 0.76 చుక్క. అంటే దాని అసలు విలువ 3.84 మొదలు అయిదు దాకా ఎక్కడైనా ఉండవచ్చు. నాలుగు వందలకు వర్గమూలం ఇరవై. రెండో కారుకు తేడా 0.12 మాత్రమే, దాని విలువ 4.08కి, 4.32కి మధ్య ఉన్నట్లు. మొదటి కారు దీనికంటే మంచిదీ కావచ్చు, నాసిరకమూ కావచ్చు. పదిమంది మాట మీద తేల్చడానికి వీలులేదు.

ఇందులో మరో మెలిక ఉంది. ఈ తేడాను సగానికి తగ్గించాలంటే రెట్టింపు మందిని అడిగితే చాలదు, నాలుగు రెట్లమందిని అడగాలి. నాలుగోవంతుకు తగ్గించాలంటే పదహారు రెట్లు. సమాచారానికి కూడా ఒక హద్దు ఉంటుందని, చేతిలో ఉన్నదానిలోంచి ఎంత తెలివైన లెక్క వేసినా ఆ హద్దు దాటి కచ్చితత్వం పిండలేమని 1945లో రుజువు చేసినవాడు తెలుగువాడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో కలకత్తా భారత గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు. సి.ఆర్. రావుగా లోకానికి తెలిసిన ఆయనకు 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో నూట రెండేళ్ల వయసులో కన్నుమూశాడు. ప్రపంచంలో గణాంకాలు చదివే ప్రతి విద్యార్థికి ఆయన పేరు తెలుసు. మన బడుల్లో ఎంతమంది పిల్లలకు తెలుసో ఉపాధ్యాయులు అడిగి చూడాలి.

సగటు ఒక్కటే చూడటంలో ఇంకో మోసం ఉంది. ఒక కారుకు వందమందీ మూడేసి చుక్కలు వేశారు. మరో కారుకు యాభైమంది అయిదు, యాభైమంది ఒకటి వేశారు. రెండింటి సగటూ మూడే. మొదటిది ఓ మాదిరి బండి అని అందరూ ఒప్పుకున్నారు. రెండోది కొన్నవారిలో సగంమంది తల పట్టుకుని కూర్చున్నారు. బండిని సరిగా బిగించడంలోనే ఏదో లోపం ఉందని, ఎవరికి ఏది వస్తుందో అదృష్టం మీద ఉందని ఆ లెక్క చెబుతున్నది. సగటు పక్కన ఒక్కొక్క చుక్క వేసినవారు ఎంతమంది, అయిదేసి వేసినవారు ఎంతమంది అనేది కూడా చాలా చోట్ల ఇస్తారు. కొనేవాడు ముందుగా చూడవలసింది ఆ ఒక్క చుక్క వరుసనే. అక్కడ పదిమందీ పది రకాల ఫిర్యాదులు రాస్తే ఒక సంగతి, పదిమందీ గేరు పెట్టె గురించే రాస్తే వేరే సంగతి.

చెప్పింది ఎవరు?

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలని సామెత. నిజమే గాని, ఆ మెతుకు ఎక్కడిదన్నది ముఖ్యం. ఎసట్లో కలియబెట్టిన మెతుకైతే సరే. పైపైన తేలినదైతే లోపలి సంగతి చెప్పదు. ధాన్యం వ్యాపారికి ఈ విషయం ఒకరు చెప్పనక్కరలేదు. సంచి మూతి దగ్గర గింజలు చూసి ధర కట్టడు. మధ్యలోకి గొట్టం గుచ్చి లోపలి గింజ తీసి అరచేతిలో పోసుకుని చూస్తాడు.

ఇంతకంటే మంచి ఉదాహరణ రైతుల కళ్ల ముందే ఉంది. పంట కోత ప్రయోగాలకు వచ్చే సిబ్బంది ఏపుగా పెరిగిన చేను వెతుక్కోరు, ఎండిన చేనూ వెతుక్కోరు. ఏ సర్వే నంబరు అన్నది చీటీ తీసినట్లుగా అంకెల పట్టిక నిర్ణయిస్తుంది. ఆ చేనులో కూడా నచ్చిన చోట దిగడానికి లేదు. నైరుతి మూల నుంచి పొడవునా ఇన్ని అడుగులు, వెడల్పున ఇన్ని అడుగులు అని మళ్లీ పట్టికే చెబుతుంది. అక్కడ మేకు కొట్టి, వరికైతే అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు ముక్క కొలిచి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. 1940ల్లో బెంగాల్‌లో మహలనోబిస్, భారత వ్యవసాయ పరిశోధన మండలిలో సుఖాత్మే ఈ పద్ధతికి రూపమిచ్చారు. ముక్క ఎంత పెద్దదిగా ఉండాలనే దాని మీద వారిద్దరికీ గట్టి వాదమే నడిచింది. ముక్క మరీ చిన్నదైతే అంచు మీది మొక్కలు లోపలికి చేరిపోయి దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని సుఖాత్మే చూపించాడు. గట్టు మీద మొక్కలు ఎటు లెక్క వేయాలో కోత కోసిన ప్రతివాడికీ వచ్చే సందేహమే అది. పెద్ద శాస్త్రవేత్తల తగవు కూడా చివరికి అక్కడే తేలింది.

కార్లకు చుక్కలు వేసేవారిని ఇలా చీటీ తీసి ఎంచరు. ఎవరికి బుద్ధి పుడితే వారు వేస్తారు. బండి మామూలుగా నడుస్తున్నవాడికి రాయాలని తోచదు. తెగ సంతోషించినవాడు రాస్తాడు, లేదా మండిపోయినవాడు రాస్తాడు. కొత్తగా కొన్నవాడి మాట సంగతి చెప్పనే అక్కరలేదు. కొత్తొక వింత, పాతొక రోత. తాళం చేతికి వచ్చిన వారానికే వేసిన అయిదు చుక్కలకు ఆ ముచ్చట పాటి విలువే. దానికి తోడు బండి ఇచ్చేటప్పుడే "కంపెనీ నుంచి ఫోను వస్తుంది, పదికి పది ఇవ్వండి, లేకుంటే మా జీతం కోస్తారు" అని అమ్మకందారులు బతిమాలడం అందరికీ తెలిసిన సంగతే. ఆ కుర్రవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. పదికి తొమ్మిది వచ్చినా నేరంగా చూసే పద్ధతిది తప్పు. అలా వచ్చిన పదులన్నీ కలిపి సగటు తీస్తే అది బండి గురించి ఏమీ చెప్పదు. ఫోనుల్లో కనిపించే అభిప్రాయాల్లో దొంగవి ఎక్కువవుతున్నాయని గ్రహించి భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో వాటికి ఒక ప్రమాణం ప్రకటించింది. రాసినవాడు నిజమైన మనిషేనా అని సరిచూడాలని అందులో ఉంది. కాని పాటించడం ఐచ్ఛికం.

మరి ఊళ్లో మెకానిక్ మాట? అతడు ఎవరి దగ్గరా జీతం తీసుకోడు, చేతులకు నూనె అంటుకున్నవాడు, అతని మాటకు విలువ ఉంది. అయినా అక్కడ కూడా ఒక అంకె లోపిస్తుంది. "ఫలానా కంపెనీ కార్లే నా షెడ్డుకు ఎక్కువ వస్తాయి" అంటాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఆ కంపెనీ కార్లు 60 ఉన్నాయని, వాటిలో నెలకు 12 షెడ్డుకు వచ్చాయని అనుకుందాం. మరో కంపెనీవి 10 ఉంటే 4 వచ్చాయి. మెకానిక్ కంటికి పన్నెండు కనిపిస్తాయి, నాలుగు కనిపిస్తాయి. లెక్కకు మాత్రం మొదటివి నూటికి ఇరవై, రెండోవి నూటికి నలభై. చెడిపోయినవి ఎన్ని అనే అంకె కింద ఉన్నవి మొత్తం ఎన్ని అనే అంకె పెట్టకపోతే ఎక్కువ అమ్ముడుపోయే కంపెనీకి ఎప్పుడూ చెడ్డపేరే వస్తుంది. లోపాలున్న బండ్లను వెనక్కి రప్పించే అధికారం ప్రభుత్వానికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో వచ్చింది. ఆ నిబంధనల్లో కూడా ఎన్ని ఫిర్యాదులు వస్తే విచారణ జరపాలన్నది అమ్మిన బండ్ల సంఖ్యను బట్టే పెట్టారు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. ఇరవై అయిదేళ్ల కిందటి ట్రాక్టరు ఒకటి ఊళ్లో ఇంకా దున్నుతుంటే "ఆ కాలం బండి గట్టిది, ఇప్పటివి రేకు డబ్బాలు" అనడం రివాజు. ఆ ఏడాది దానితో పాటు కొన్న తక్కినవి ఏమయ్యాయి? అవి ఇనుప సామాను కొట్టుకు పోయాయి. మిగిలిన ఒక్కటే కంటికి కనిపిస్తున్నది.

రోడ్డు మాటేమిటి?

ఇక అన్నిటికంటే పెద్ద చిక్కు. చదువుకున్నవారు సైతం ఇక్కడ బోల్తా పడతారు. మొదటి కంపెనీ కారు కొన్న వందమందిని అడిగారు; 82 మంది బాగుందన్నారు. రెండో కంపెనీ కారు కొన్న వందమందిని అడిగారు. 67 మందే బాగుందన్నారు. వందకు వంద, చీటీ తీసి ఎంచిన మనుషులే, దొంగ మాటలు లేవు. మొదటిదే మంచి బండి అని తీర్పు చెప్పేయవచ్చా?

ఇప్పుడు అదే లెక్కను విడదీయాలి. మొదటి కారు కొన్న వందమందిలో 80 మంది పట్నంవారు. వారిలో 72 మంది బాగుందన్నారు, అంటే నూటికి 90. తక్కిన 20 మంది పల్లెవారిలో బాగుందన్నది 10 మంది, నూటికి 50. రెండో కారు కొన్నవారిలో పట్నంవారు 20 మందే; వారిలో 19 మంది బాగుందన్నారు, నూటికి 95. పల్లెవారు 80 మంది. వారిలో 48 మంది బాగుందన్నారు, నూటికి 60. పట్నం రోడ్డు మీదా రెండోదే మేలు, పల్లె రోడ్డు మీదా రెండోదే మేలు! కలిపి చూస్తే మాత్రం మొదటిది గెలిచినట్లు కనిపిస్తుంది. ఇందులో మాయ ఏమీ లేదు. రెండో కారు ఎక్కువగా గతుకుల మీద నడిచింది, ఎవరు నడిపినా గతుకుల మీద ఫిర్యాదులు ఎక్కువే వస్తాయి. కష్టపు పని నెత్తిన వేసుకున్న ఎద్దుకు తక్కువ మార్కులు పడ్డట్లు.

సదాశివనగర్ మండలంలో ఈ చిక్కు నిత్యం కళ్ల ముందు ఉంటుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద కామారెడ్డికో డిచ్‌పల్లికో పోయి వచ్చే బండి బతుకు ఒకటి. అదే బండి రహదారి దిగి గాంధారి వైపు తిరిగి, అక్కడి నుంచి తండాల మట్టి బాటలు పట్టినా, చెరుకు కొట్టే రోజుల్లో అడ్లూర్ ఎల్లారెడ్డి చక్కెర ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్ల వెనుక దుమ్ములో నడిచినా దాని బతుకు వేరు. హైదరాబాదు, బెంగళూరు యజమానులు వేసిన చుక్కలను చూసి ఈ బాటల మీద తిరగవలసిన బండి కొనడం, కోస్తా డెల్టాలో పండిన విత్తనాన్ని మెట్ట చేలో చల్లినట్లే. పండితే పండవచ్చు. పండుతుందని మాత్రం ఆ చుక్కలు చెప్పలేదు. ఒక బండి నేల మీద నుంచి ఎంత ఎత్తులో ఉంది, విడిభాగం కామారెడ్డిలో దొరుకుతుందా హైదరాబాదు నుంచి రావాలా అన్న సంగతులు పట్నంవాసి మార్కులో ఎక్కడా కనిపించవు.

అమెరికాలో ఈ లెక్కలు వేయడం పెద్ద వృత్తి. 1968లో మొదలైన జె.డి. పవర్ సంస్థ కొన్న 90 రోజుల్లో వచ్చిన ఇబ్బందులను, మూడేళ్ల పాత బండ్లలో వచ్చిన ఇబ్బందులను వేర్వేరుగా లెక్క కట్టి, 100 బండ్లకు ఇన్ని అని ప్రకటిస్తుంది. పద్ధతి మంచిదే. వందకు ఇన్ని అనడంలోనే సగం న్యాయం ఉంది. కాని ఇంజను పట్టేయడమూ ఒక ఇబ్బందే, కారు తెరకు ఫోను కలవకపోవడమూ ఒక ఇబ్బందే. ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ ఎక్కువ ఫిర్యాదులు ఆ తెరల మీదే. మట్టి బాట మీద బండి నడిపేవాడికి ఆ వరుస క్రమం ఏ మాత్రం పనికివస్తుందో ఆలోచించుకోవాలి. పైగా ఆ సంస్థ ఇచ్చే బహుమతి పేరును ప్రకటనల్లో వేసుకోవాలంటే కంపెనీలు రుసుము కట్టాలి. 1936లో పుట్టిన వినియోగదారుల సంఘం నడిపే కన్స్యూమర్ రిపోర్ట్స్ ఇందుకు భిన్నం. ప్రకటనలు తీసుకోదు, పరీక్షించే కార్లను మామూలు మనిషిలా దుకాణంలో కొంటుంది, తన మార్కులను కంపెనీలు ప్రచారానికి వాడుకోనివ్వదు. చందాదారుల నుంచి ఏటా లక్షల బండ్ల వివరాలు రాబట్టి, తగినన్ని బండ్ల వివరాలు అందని రకానికి ఆ వివరాల మీద తీర్పు చెప్పకుండా ఊరుకుంటుంది. తెలియదని ఊరుకోవడం కూడా లెక్కలో భాగమే.

ప్రమాద పరీక్షల చుక్కలు వేరే జాతివని కూడా తెలుసుకోవాలి. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలో అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ పద్ధతిలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకు గుద్దించి, లోపలి బొమ్మలకు తగిలే దెబ్బలను కొలిచి అయిదు చుక్కల్లో మార్కులు వేస్తారు. అది ఎవరి ఇష్టాయిష్టాల సగటూ కాదు, యంత్రం కొలిచిన కొలత. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు అయిదు చిన్న కార్లను, ఎయిర్‌బ్యాగులు లేని రకాలను పరీక్షిస్తే అయిదింటికీ పెద్దల భద్రతలో సున్నా వచ్చింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఆల్టో ఆ రోజుల్లో దేశంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయే కారు. మైలేజీ, ధర, మరమ్మతు ఖర్చు చూసి యజమానులు మెచ్చిన మాట అబద్ధం కాదు. కాని గుద్దుకున్నప్పుడు ఏమవుతుందో గుద్దుకోనివాడు చెప్పలేడు. గుద్దుకుని ప్రాణం పోయినవాడు వచ్చి మార్కు వేయడు. లారీల మధ్య రాత్రిపూట 44వ నంబరు రహదారి ఎక్కవలసినవారు ఈ రెండు రకాల చుక్కలను కలిపి ఒకటిగా చూడరాదు. ఏ చుక్కలు చూపిస్తున్నావని అమ్మకందారును అడిగి తెలుసుకోవాలి.

బండ్లకు నిజమైన కొలత కావాలని ముందుగా పట్టుబట్టినవారిలో రైతులు ఉన్నారు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మట్ క్రోజియర్ అనే రైతు ఒక ట్రాక్టరు కొన్నాడు. పేరు ఫోర్డు. కార్ల కంపెనీ హెన్రీ ఫోర్డుకూ దానికీ సంబంధం లేదు; మినియాపొలిస్‌లో కొందరు ఫోర్డు అనే ఇంటిపేరున్న ఒకడిని చేర్చుకుని ఆ పేరుతో వ్యాపారం పెట్టారు. అది పనికిరాని ట్రాక్టరని క్రోజియర్‌కు తొందరలోనే తెలిసివచ్చింది. తర్వాత అతడు శాసనసభకు వెళ్లినప్పుడు 1919లో చట్టం వచ్చింది. ఆ రాష్ట్రంలో ఏ రకం ట్రాక్టరు అమ్మాలన్నా ముందు ఒకటి విశ్వవిద్యాలయంలో పరీక్షకు నిలవాలి, విడిభాగాల నిల్వ రాష్ట్రంలోనే ఉంచాలి. హెన్రీ ఫోర్డు తన ట్రాక్టరుకు సొంత పేరు పెట్టుకోలేక ఫోర్డ్‌సన్ అనవలసి వచ్చింది కూడా ఆ మినియాపొలిస్ వారి మూలంగానే. పేరు చూసి కొనడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే వేరే కథ అక్కరలేదు.

మన దేశంలోనూ ట్రాక్టర్ల పరీక్ష జరుగుతుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థలు వ్యవసాయ యంత్రాలను పరీక్షించి నివేదికలు ఇస్తాయి. ఇంజను ఇచ్చే బలం, తాగే డీజిలు వంటివన్నీ అందులో అంకెలతో ఉంటాయి. ఈ సంగతి తెలిసిన రైతులు తక్కువ. అడిగి చూపించే వ్యవసాయ అధికారులు ఇంకా తక్కువ. అయితే పరీక్షశాల కొత్త యంత్రాన్ని చూస్తుంది. అయిదో ఏట ఆ రకం యంత్రాలు ఊళ్లలో ఎలా ఉన్నాయో చెప్పగలిగింది యజమానులే. ఆ లెక్క ఎవరూ వేయడం లేదు.

అది సదాశివనగర్‌లోనే వేయవచ్చు. రైతు వేదికలు ఉన్నాయి, పంచాయతీ కార్యదర్శులు ఉన్నారు, డిగ్రీ చదివి ఇంటి దగ్గర ఉన్న యువకులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఏడాదికి ఒకసారి ఇంటింటికీ వెళ్లి కారు, ట్రాక్టరు ఉన్న ప్రతి ఇంటివారినీ ఒకే రకం ప్రశ్నలు అడగాలి. బండి వయసెంత, ఏడాదిలో ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎక్కువగా తారు రోడ్డు మీదా మట్టి బాట మీదా, ఎన్ని రోజులు షెడ్డులో ఉంది, నూనె, టైర్లు కాక మరమ్మతుకు ఎంత ఖర్చయింది, మళ్లీ కొనవలసి వస్తే అదే కొంటారా. చుక్కలు అడగనవసరం లేదు. షెడ్డులో ఉన్న రోజులు అబద్ధమాడవు. అరుగు మీద కూర్చుని మాట్లాడేవారినే అడిగి ఊరుకోరాదు. అందరి ఇళ్లకూ పోలేకపోతే ఇంటి నంబర్లతో చీటీలు తీయాలి, చీటీలో వచ్చిన ఇల్లు ఎంత దూరమైనా పోవాలి.

ఒక్క మండలం చాలకపోవచ్చు. ఒక రకం కారు ఇక్కడ పాతిక ఉంటే, పైన చెప్పిన లెక్క ప్రకారం సగటు మార్కులో అటూ ఇటూ అర చుక్క తేడా ఉంటుంది. గాంధారి, తాడ్వాయి, రామారెడ్డి మండలాలు కూడా కలిసి ఆ రకానివి వంద బండ్లయితే తేడా పావు చుక్కకు దిగుతుంది. నాలుగు మండలాలవారు ఒకే కాగితం మీద ఒకే ప్రశ్నలు అడగడమొక్కటే కావలసింది. ఖర్చు నాలుగు దస్తాల కాగితం. పదికి తక్కువ బండ్లున్న రకానికి మార్కు వేయకుండా ఖాళీ వదిలేయాలి. మిగతావాటికి తారు రోడ్డు లెక్క వేరు, మట్టి బాట లెక్క వేరు రాసి, ప్రతి అంకె పక్కన ఎన్ని బండ్లను బట్టి వచ్చిందో కూడా రాయాలి. కంపెనీల దగ్గర గాని, అమ్మకందారుల దగ్గర గాని ఈ పనికి ఒక్క రూపాయి కూడా తీసుకోరాదు. రైతు వేదిక గోడకు వారి ప్రకటనలూ అంటించరాదు.

వానాకాలం నాట్లు అయిపోయాక ఊళ్లలో కాస్త తీరిక దొరుకుతుంది. ఆ నెలలో అడగడం మొదలుపెడితే బతుకమ్మ నాటికి లెక్క తేలుతుంది. కొత్త బండ్లకు నిమ్మకాయలు కట్టేది ఎక్కువగా దసరాకే కనుక, ఆ కాగితం దసరాకు వారం ముందే గోడకెక్కాలి.